'హమ్' అంటే మేమా, మనమా?

ముస్లింను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చే తెలుగు పత్రికా మిత్రుడి జేబులో ఒక ప్రశ్న ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కవి దగ్గరికి వచ్చినా, క్రికెటర్ దగ్గరికి వచ్చినా, సైకిల్ షాపు సాయిబు దగ్గరికి వచ్చినా దాన్ని వాడక మానడు. కొందరు మొదట్లోనే అడిగేస్తారు. మర్యాదస్తులు టీ తాగాక, లేవబోయే ముందు "ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టి అడుగుతారు. మీరు ముందు ముస్లిమా, ముందు భారతీయుడా? కాలాన్నిబట్టి దాని వేషం మారుతుంది. 1992 తర్వాత బాబ్రీ మసీదు పేరుతో, 2001 తర్వాత లాడెన్ పేరుతో, 2019 తర్వాత పౌరసత్వ చట్టం పేరుతో వచ్చింది. లోపలి ప్రశ్న అదే. ఇదే ప్రశ్న ఒక రెడ్డిగారినో ఒక శర్మగారినో అడిగిన ఇంటర్వ్యూ మా ఇరవై ఏళ్ళ పాత్రికేయ జీవితంలో మేం చదవలేదు.

ఉర్దూలో ప్రశ్నను సవాల్ అంటారు. ఆ మాట తెలుగులోకి వచ్చి సవాలు అయింది. అంటే కాలు దువ్వడం. జవాబు మాత్రం జవాబుగానే మిగిలింది. ఉర్దూ పత్రికల్లో పెద్దల ఇంటర్వ్యూకు ములాఖాత్ అనే మాట ఉంది. ఇద్దరు కూచుని మాట్లాడుకోవడం దాని అర్థం. తెలుగు పత్రికల్లో ములాఖత్ అనే మాట జైలు వార్తల్లోనే కనిపిస్తుంది. కటకటాల ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఎవరూ కూచుని ఈ అర్థాలు మార్చలేదు. భాషల మధ్య మాటలు అట్లా జారుతుంటాయి. కానీ తెలుగులో మాకు ఎదురైన ఇంటర్వ్యూలు చాలావరకు ఈ తెలుగు అర్థాలకే సరిపోయాయి.

ఆదివారం అనుబంధాల్లో, మాసపత్రికల్లో సమకాలీన రాజకీయాల మీద, సమాజాన్ని నడిపే భావాల మీద పెద్ద పెద్ద ఇంటర్వ్యూలు వస్తుంటాయి. వాటికి 'లోతైన' అనే విశేషణం ఒకటి. మేం వాటిని శ్రద్ధగా చదివినవాళ్ళం, కొన్ని చేసినవాళ్ళం కూడా. వాటిలో ఒక పని విభజన ఉంది. లౌకికవాదం అంటే ఏమిటో, రాజ్యాంగం ఎక్కడ దెబ్బతిన్నదో, జాతీయవాదం ఎట్లా పుట్టిందో చెప్పడానికి ఒక ప్రొఫెసర్ గారు ఉంటారు. ఆయన మనవాడే, మా పక్షాన నిలబడేవాడే, సాధారణంగా అగ్రవర్ణం. మా దగ్గరికి ఎప్పుడొస్తారు? బాంబు పేలినప్పుడు, కర్ఫ్యూ పెట్టినప్పుడు, తలాఖ్ మీద తీర్పు వచ్చినప్పుడు. భావాలు వాళ్ళవి, సంఘటనలు మావి. వాళ్ళు విశ్లేషకులు, మేం ప్రత్యక్ష సాక్షులం. గోదావరి నీళ్ళ మీద, రూపాయి విలువ మీద, ఇంటర్మీడియట్ చదువుల దుస్థితి మీద ముస్లిం మేధావిని కూచోబెట్టి నాలుగు పేజీలు మాట్లాడించిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మమ్మల్ని మా మతం మీద తప్ప దేనిమీదా అడగరు, తర్వాత వీళ్ళకు మతం తప్ప వేరే ధ్యాస లేదంటారు.

ఇక్కడ మా నేరం ఒకటి ఒప్పుకోవాలి.

2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఆ వేసవిలో పాతబస్తీ కుర్రాళ్ళను ఇళ్ళలోంచి విచారణకు పట్టుకెళ్ళారు. అప్పుడు మేం ఒక తెలుగు పత్రికలో పనిచేస్తున్నాం. ఉర్దూ వచ్చినవాళ్ళం కాబట్టి అటు ఏ పని పడ్డా మమ్మల్నే పంపేవారు. లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులు చేసే ఒక చాచా ఇంటికి వెళ్ళాం. ఆయన చిన్న కొడుకును పదకొండు రోజులు ఉంచుకుని, కేసేమీ లేకుండా వదిలేశారు.

చాచా మాతో గంటన్నర మాట్లాడారు. అందులో దాదాపు గంట లక్క ధర గురించే. లక్క కరిగించే పొయ్యి దగ్గర ఆడవాళ్ళ వేళ్ళు కాలడం గురించి, వచ్చే అద్దాల నాణ్యం గురించి, షావుకారు ఇచ్చే కూలీ గురించి, కొడుకు లెక్కల్లో రెండుసార్లు తప్పడం గురించి, నల్లా రెండు రోజులకోసారి రావడం గురించి చెప్పారు. పేలుడు గురించి చెప్పింది నాలుగు మాటలు. "మస్జిద్ హమారీచ్, మరే సో హమారేచ్ లోగాఁ, పూఛ్‌తాఛ్ బీ హమారీచ్." మసీదు మాదే, చచ్చింది మావాళ్ళే, విచారణా మాకే. తర్వాత గోడకు ఆనుకుని, "హమారే షహర్‌కు కిస్కీ నజర్ లగీకీ" అన్నారు.

మేం నోట్‌బుక్‌లో రాసుకున్నాం. ఆఫీసుకు వచ్చి నాలుగు వందల మాటల్లో కుదించాం. లక్క పోయింది, లెక్కలు పోయాయి, నల్లా పోయింది. డెస్కులో అడిగిన మొదటి మాట, "పేలుడును ఖండించాడా?" తన మసీదులో తన మనుషులు చచ్చిపోతే దాన్ని ఆయన ఎవరి ఎదుట ఖండించాలి? అప్పుడు మాకు ఆ మాట అనడానికి నోరు రాలేదు. 'తీవ్రంగా ఖండిస్తున్నాను' అని ఒక వాక్యం మేమే ఆయన నోట్లో పెట్టాం. చివరి మాటను తెలుగు చేశాం: "మా పట్నానికి ఎవరి దిష్టి తగిలిందో." డెస్కు దానిలోంచి 'మా పట్నం' అనే రెండు మాటలు తీసి శీర్షిక చేసింది. వారం తర్వాత పాఠకుడి ఉత్తరం వచ్చింది. ఎవరి పట్నం? వాళ్ళ తాతలు రాసిచ్చారా?

ఆ ఉత్తరం చదివాక గానీ మేం చేసిందేమిటో మాకు తెలియలేదు. ఉర్దూలో హమ్ ఒక్కటే. వినేవాణ్ణి కలుపుకున్నా హమ్మే, వదిలేసినా హమ్మే. లఖ్నవీ మర్యాదలో ఒక్కడు కూడా తనను తాను హమ్ అనుకుంటాడు. తెలుగులో అట్లా కుదరదు. మేము అనాలి, లేదా మనము అనాలి. నోరు తెరిచేసరికే ఎదుటివాడు లోపలో బయటో తేల్చాలి. చాచా మొదటి వాక్యంలో హమ్ కచ్చితంగా 'మేమే'. అక్కడ ఆయన లెక్క వేరు చేసి చెబుతున్నారు, అట్లా చెప్పే హక్కు ఆయనకుంది. రెండో వాక్యంలో హమ్ వేరు. ఊరికి దిష్టి తగిలిందనే మనిషి ఊరిని పంచుకుంటున్నాడు. అది 'మన పట్నం'. మేం ఒక్క అక్షరం మార్చి ఒక ముసలాయనను తన సొంత ఊళ్ళో పరాయివాణ్ణి చేశాం. చేసింది మతతత్వవాది కాదు, మేము. ఉర్దూ తెలిసిన, పేరులో మహమ్మద్ ఉన్న మేము.

మా మీద పడిన నేరాన్ని తేలిక చేసుకోవడానికి చెప్పడం లేదుగానీ, ఈ తొవ్వలో పెద్దవాళ్ళూ నడిచారు. మౌలానా ఆజాద్ 'ఇండియా విన్స్ ఫ్రీడమ్'ను ఇంగ్లీషులో రాయలేదు. సాయంత్రాలు ఉర్దూలో చెబుతూ వెళ్ళారు, హుమాయూన్ కబీర్ నోట్సు రాసుకుని ఇంగ్లీషులో పెట్టారు. మౌలానా 1958 ఫిబ్రవరిలో పోయారు, పుస్తకం 1959లో వచ్చింది. అచ్చువేయకుండా ఆపిన ముప్ఫై పేజీలను సీలు వేసి దాచారు, 1988లో తెరిచారు. ఆ పేజీల్లో ఏముందోనని పత్రికలు ఎంత రాశాయో అందరికీ తెలుసు. మిగతా పుస్తకమంతటా మౌలానా నోటి ఉర్దూ మాట ఏదై ఉంటుంది, అది ఇంగ్లీషులో ఏమైంది అని అడిగినవాళ్ళు మేం చూసినంతలో చాలా తక్కువ. సీలు వేసిన పేజీలకన్నా అనువాదంలో మూసుకుపోయిన పేజీలు ఎక్కువ అని మా అనుమానం.

ప్రశ్న ఎవరిని ఏం చేస్తుందనేది ఎదుటి మనిషి అధికారాన్నిబట్టి కూడా ఉంటుంది. అదే 2007 అక్టోబరులో కరణ్ థాపర్ అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీని ఒక ఇంగ్లీషు చానల్లో ఇంటర్వ్యూ చేశారు. 2002 గురించి అడిగారు. మూడు నాలుగు నిమిషాలు గడిచాక ముఖ్యమంత్రి మంచినీళ్ళు అడిగి, మైకు తీసిపెట్టి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళ తర్వాత 2019 ఎన్నికల మధ్యలో ఒక సినిమా నటుడు అదే నాయకుణ్ణి, అప్పటికి ప్రధానమంత్రిని, తీరిగ్గా కూచోబెట్టి మామిడిపండు ఎట్లా తింటారని అడిగారు. దానికి రాజకీయేతర ఇంటర్వ్యూ అని పేరు. దేశమంతా చూసింది. థాపర్ అడిగిన తీరు బాగాలేదనే మిత్రులున్నారు, అది వేరే చర్చ. మాకు ఆ మైకు తీసే చెయ్యి గుర్తుండిపోయింది. లాడ్ బజార్ సందులో చాచాకు ఆ సౌకర్యం లేదు. ఆయన లేచి వెళ్ళిపోతే 'సమాధానం చెప్పలేక తప్పించుకున్నాడు' అని మేమే రాసేవాళ్ళం. ఆయన కొడుకుకైతే పదకొండు రోజులు కుర్చీలోంచి లేచే వీలే లేకపోయింది.

లోతైన ఇంటర్వ్యూ మన నేల మీద జరగలేదా అంటే, జరిగింది. దాన్ని దాచారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక, నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్ కమిటీ నవంబరు, డిసెంబరు నెలల్లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగింది. అందులో ఖాజీ అబ్దుల్ గఫార్ ఒకరు. ఆయన 'పయామ్' పత్రిక నడిపిన ఉర్దూ పాత్రికేయుడు, రచయిత. తాము పోలేకపోయిన 109 గ్రామాల నుంచి ఐదు వందలమందికి పైగా మనుషులతో మాట్లాడామని కమిటీ రాసుకుంది. కనీసం 27 వేల నుంచి 40 వేలమంది దాకా ప్రాణాలు కోల్పోయి ఉంటారని లెక్క కట్టింది. ప్రభుత్వం ఆ నివేదికను బయటపెట్టలేదు. భాగాలు భాగాలుగా బయటికొచ్చి, 2013లో ఎ.జి. నూరానీ హైదరాబాదు మీద రాసిన పుస్తకంతో అందరికీ అందింది. అంటే అరవై అయిదేళ్ళు.

రజాకార్ల దౌర్జన్యాలు అబద్ధమని మేం అనడం లేదు. ఆ ఏడాది ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపిందీ వాళ్ళే, ఆయన మా వృత్తివాడే, మా భాషవాడే. కానీ ఆ ఐదు వందలమంది రజాకార్లు కారు. వాళ్ళ మాటలు మా తాతల కాలంలో అచ్చయి ఉంటే, ఈ నేల మీద ముస్లింను అడిగే ప్రశ్న వేరేగా ఉండేది. ఆ నివేదికలో మమ్మల్ని పట్టి కుదిపింది చావుల లెక్క కాదు. హిందూ నేతగాళ్ళు తోటి ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని ఒకచోట రాసి ఉంది. మగ్గం ముందు కూచున్నవాళ్ళకు మేము, మనము అనే తేడా తెలియక కాదు. తెలిసే, చావు ముందు నిలబడి మనం అన్నారు. దాచినవాళ్ళు మా శవాలతోపాటు వాళ్ళ మంచితనాన్ని కూడా దాచారు.

తెలుగులో ఇంటర్వ్యూ అంటే ఇదీ అని మేం చూపించగల పుస్తకం ఒకటుంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి చేసిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ ఉన్నారు, మల్లు స్వరాజ్యం ఉన్నారు, జమాలున్నీసా బాజీ ఉన్నారు. ఉర్దూ ఇంట్లో పెరిగిన బాజీ అందులో ముస్లిం ప్రతినిధిగా కూచోలేదు. హైదరాబాదు కమ్యూనిస్టు ఉద్యమపు మనిషిగా, తన ఇంటి కథ, తన చదువు కథ, వచ్చిపోయే మనుషుల కథ చెప్పారు. ముందు ముస్లిమా, ముందు కమ్యూనిస్టా అనే తూనికరాళ్ళు అక్కడ లేవు. మాట్లాడించినవాళ్ళు తాము ఏ ఆశతో వెళ్ళారో, ఎదుటి స్త్రీలు ఆ ఆశను ఎట్లా తలకిందులు చేశారో కూడా దాచుకోలేదు. పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్న పార్టీ గురించి వాళ్ళు చెప్పిన మాటలు విన్నాక, అడిగినవాళ్ళ ప్రశ్నలే మారాయి. మా దృష్టిలో లోతు అంటే అదే. జవాబు విన్నాక ప్రశ్న మారాలి. మారకపోతే ఎన్ని పేజీలు వేసినా అది పూఛ్‌తాఛే. పుస్తకం పేరులో రెండుసార్లు 'మన' ఉందని మేం చాలా ఆలస్యంగా గమనించాం.

తెలుగు పత్రికల్ని తిట్టి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. ఉర్దూ పత్రికల ములాఖాత్‌ల సంగతేమిటి? అక్కడ కుర్చీలో ఎప్పుడూ ఒక మౌలానా, ఒక నాయకుడు, ఒక కాలేజీ యజమాని. ప్రశ్నకంటే ప్రశ్నకు ముందు పెట్టే బిరుదులు పొడుగు. జవాబు మీద మరో ప్రశ్న ఉండదు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాలో పద్నాలుగు సమూహాలున్నాయి. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు, ఫకీర్లు, హజాములు, ఖురేషీలు, తురక కాశలు. సయ్యద్, మొగల్, పఠాన్ లాంటివాళ్ళను అందులోంచి తప్పించారు. మా ఉర్దూ పేజీల్లో ఆ చట్టం మీద ఇంటర్వ్యూలు ఇచ్చినవాళ్ళు ఎక్కువగా ఆ తప్పించిన ఇళ్ళవాళ్ళే. ఎలుగుబంటి ఆడించే మనిషిని కూచోబెట్టి 'మియాఁ, నీ పిల్లలకు ఏం కావాలి' అని అడిగిన ములాఖాత్ ఒక్కటీ మా కంటపడలేదు. దూదేకులవాళ్ళు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాబట్టి ఉర్దూవాళ్ళకు వాళ్ళు సగం ముస్లింలు. తెలుగువాళ్ళేమో నూర్‌బాషా ఇంటిపేరు విని 'తెలుగు బాగా మాట్లాడుతున్నారే' అని మెచ్చుకుంటారు. వాళ్ళింట్లో హమ్ అనే మాటే లేదు. మేము, మనము రెండూ తల్లి ఒడిలో నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. అయినా రెండు వైపులా వాళ్ళను 'మీరు' అనే పిలిచారు.

ఆడవాళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. 1985లో షాబానో గెలిచింది. అదే ఏడాది ఆ తీర్పు తనకొద్దంటూ ఆమె వేలిముద్రతో ప్రకటన వెలువడింది. తీర్పును మెచ్చుకున్నవాళ్ళు ఆమెను జెండా చేశారు, తిట్టినవాళ్ళు ఆమె చేత వేలిముద్ర వేయించారు. ఆ వేలిముద్రకూ తెల్లారాక ఆమె వండుకున్న కూరకూ మధ్య ఏం జరిగిందో కూచుని అడిగే తీరిక రెండు పక్షాలకూ లేకపోయింది. 2017లో ట్రిపుల్ తలాఖ్ తీర్పు వచ్చినప్పుడు టీవీల్లో మళ్ళీ గడ్డాలే కనిపించాయి.

మా సాహిత్యంలో మాత్రం ఈ ప్రశ్నను పట్టి నిలదీసిన చరిత్ర ఉంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు జరిగిందేమిటి? అంతదాకా మమ్మల్ని అడుగుతూ వచ్చినవాళ్ళు మొదటిసారి వినాల్సి వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చాక మా గొంతులు ఒకటి కావు, చాలా ఉన్నాయని తేలింది. అభ్యుదయ మిత్రులు కొందరు అప్పుడు మా కవులను ఆప్యాయంగానే అడిగారు, ఎన్నాళ్ళు ముస్లిం కవిగా మిగిలిపోతావు, ఎప్పుడు విశాలమవుతావు అని. వాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ 'మనం' అనే మాట వాళ్ళ ఇంటిపేరులాగా, అందులోకి రావాలంటే మేం మా పేరు గుమ్మం బయట విడవాలన్నట్టు మాట్లాడారు. మేము అని గట్టిగా అనగలిగినవాడే మనం అని నమ్మకంగా అనగలడని మా అభిప్రాయం. ఈ సంకలనంలోనే దీనితో ఏకీభవించని మిత్రులున్నారు, వాదించుకుందాం.

2018 ఏప్రిల్ 16న మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ హైదరాబాదులోని ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. మొదట్లో పట్టుకెళ్ళిన ముస్లిం యువకులు కోర్టుల్లో ఎప్పుడో విడుదలయ్యారు. ఇక బాంబు ఎవరు పెట్టినట్టు? ఆ ప్రశ్న రాయడానికి మేం మళ్ళీ లాడ్ బజార్ వెనక సందుకు పోయాం. ఇప్పుడు దుకాణం చిన్న కొడుకుది. చాచా గల్లా దగ్గర స్టూలు మీద కూచుని ఉన్నారు. చూపు మందగించింది. మమ్మల్ని గొంతుతో గుర్తుపట్టి, కూచోమని సైగ చేశారు. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళి గాజులకు వచ్చిన ఒక పెద్దామె బేరమాడుతోంది. చాచా ఆమె చేతిలో ఒక జత పెట్టి, "గిది జూడు చెల్లే, మన పట్నంల గిసొంటి చేతిపని ఇంక రెండు మూడిండ్లలనే ఉన్నది" అన్నారు.

మేం నోట్‌బుక్ తీయడం మరిచిపోయాం. ఆమె వెళ్ళాక అడిగాం, చాచా, ఇంత మంచిగ తెలుగు మాట్లాడతారు గద, ఆనాడు మాతో ఉర్దూలనే ఎందుకు చెప్పారు అని.

"నువ్వు ఉర్దూల అడిగినవ్ బేటా, నేను ఉర్దూల చెప్పిన" అన్నారు. మళ్ళీ ఆయనే, "లక్క రేటు రాస్కుంటవా ఈసారి?" అని కొడుకును పిలిచారు.